అది నీ చెయ్యే చూస్తుంది
(తిరుపతిలో కుక్కలు పెంచేవాళ్ల ఆదివారం సమావేశంలో ఒక వెల్డింగ్ షాపు యజమాని ప్రసంగం)

అందరికీ నమస్కారం. నాకు గ్రైండర్ చప్పుడు అలవాటు గానీ మైకు కొత్త. తడబడితే సర్దుకోండి.

చంద్రగిరి వైపు ఒక మామిడితోటలో వుల్ఫ్‌డాగ్‌కి ఆవరణ కట్టానని నన్ను పిలిచారు. నిజానికి రెండుసార్లు కట్టాను. మొదటిది నా పరువు తీసింది. ఇవాళ ఎక్కువగా దాని గురించే చెబుతాను.

ముందు ఒక మాట. ఆ కుక్క చెకోస్లోవేకియా జాతిది. 1955లో అక్కడ సరిహద్దు కాపలా కోసం జర్మన్ షెపర్డ్‌ని కార్పేతియన్ తోడేలుతో కలిపి చూశారు. ఆ ప్రయోగంలోంచి వచ్చిన జాతి అది. మన తోడేలు సంగతి వేరు. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూల్లో ఉంది, ఇంట్లో పెంచితే జైలే. బ్రోకరెవరైనా 'అడవి తోడేలు పిల్ల, సగం రేటుకే ఇస్తా' అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. 2024 మార్చిలో కేంద్రం కొన్ని జాతుల్ని వద్దంటూ సర్క్యులర్ ఇచ్చింది, అందులో వుల్ఫ్‌డాగ్ కూడా ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టులో అది నిలవలేదు. రేపు ఏమవుతుందో, కాబట్టి కాగితాలు ముందే చూసుకోండి.

ఇక నా మొదటి కంచె. ఆరడుగుల రాతి కూసాలు, చైన్ లింక్ జాలి, ఇనప గేటు, మామూలు గడియ. తోటలకు వేసినట్టే వేశాను. నాలుగో రోజుకే కుక్క మూతితో గడియ ఎత్తి బయటికొచ్చేసింది. వాళ్లింటి పెద్దామె నవ్వి, "నాయనా, నువ్వు దాని మొగం చూస్తా ఉండావు. అది నీ చెయ్యే చూస్తా ఉండాది" అంది. గడియ మార్చి, ఇక అయిపోయిందనుకున్నాను.

నవంబరు వానలొచ్చాయి. మన ఎర్రమట్టి తడిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. తెల్లారి చూస్తే జాలి కింద చేటంత గుంత. తీగ కొసకు బూడిదరంగు వెంట్రుకల కుచ్చు ఒకటి చిక్కుకుని ఉంది, కొసలు నల్లగా. కుక్క రెండు కిలోమీటర్ల అవతల మేకల దొడ్డి పక్కన దొరికింది. ఒక మేకపిల్ల పోయింది. కాపరి అడిగినంత మారుమాట్లాడకుండా ఇచ్చాం. తప్పు కుక్కది కాదు, నాది. దానికి రాత్రంతా వేరే పనేముంది? కంచెలో మెత్తటి చోటు వెతకడమే పని.

రెండోసారి కింద నుంచి మొదలుపెట్టాను. కంచెకు ఆనించి లోపలివైపు మూడడుగుల వెడల్పున జాలి నేలమీద పరిచి, కంచె అడుగు తీగకు జానెడుకో ముడి వేసి, పైన మట్టి, బండరాళ్లు కప్పాను. కుక్క ఎప్పుడూ కంచె మొదట్లోనే తవ్వుతుంది. అక్కడ గోళ్లకు తీగ తగిలితే, మూడడుగులు వెనక్కొచ్చి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. ఎత్తు ఎనిమిదడుగులు చేశాను. దానిపైన లోపలికి వంగేలా రెండడుగుల జాలి, నలభై అయిదు డిగ్రీల వాలులో. ఎగబాకి వచ్చినా నెత్తిమీద కప్పులా తగులుతుంది. జాలి కొనేటప్పుడు మోసపోవద్దు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. పన్నెండు గేజ్ చవకే, కోళ్లకు చాలు. దీనికి ఎనిమిది గేజ్, అంటే నాలుగు మిల్లీమీటర్ల తీగ వేశాను.

గేట్లు రెండు. మొదటిది దాటి లోపలికెళ్లి, దాన్ని మూసి తాళం వేశాకే రెండోది తీయాలి. మధ్యలో మనిషి, అన్నం బకెట్టు పట్టేంత చోటు చాలు. రెండు గేట్లూ లోపలికే తెరుచుకోవాలి. అప్పుడు కుక్క ఒంటిబరువుతో తోసినా గేటు ఇంకా బిగుసుకుంటుంది.

పడుకునే గూడు కంచెకు దూరంగా పెట్టండి, లేకపోతే దాని కప్పే మెట్టవుతుంది. చెట్టుకొమ్మా అంతే. కొమ్మలుంటే కోతులు కూడా వస్తాయి. తిరుపతి కోతుల గురించి నేను చెప్పేదేముంది! జాలిమీద కూర్చుని అరటితొక్క విసిరితే కింద కుక్కకు పిచ్చెక్కుతుంది.

కరెంటు తీగ గురించి అడుగుతున్నారు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులకు వేసే సోలార్ ఫెన్సింగ్ మెషీన్ లాంటిది వాడొచ్చు. అది ఆగి ఆగి షాక్ కొడుతుంది, ప్రాణం తీయదు. ఇంటి లైను నుంచి తీగ లాగారో, ముందు పోయేది మీ ఇంట్లో మనిషే.

బయటివాళ్లు లోపలికి రాకుండా చూడటమూ ఉంది. 2024 ఫిబ్రవరిలో మన ఎస్వీ జూలో ఒక మనిషి సింహం ఎన్‌క్లోజర్లోకి దూకి చనిపోయాడు. అంత పెద్ద జూలోనే అలా జరిగింది. మన పక్కింటి పిల్లలు జాలిలో వేళ్లు పెట్టరా? అందుకే బయట నాలుగడుగుల దూరంలో ఇంకో చిన్న కంచె.

మే నెల ఎండకు రేకుల షెడ్డు వద్దు, పెనంలా కాలుతుంది. కొబ్బరిమట్టల పందిరి, కానుగ చెట్టు నీడ, దిగి పడుకునేంత సిమెంటు తొట్టి ఉంటే ఆ మందపాటి బొచ్చుకు కాస్త ఊరట. నేలంతా కాంక్రీటు పోయించకండి, పాదాలు కాలుతాయి. హస్కీ ఉన్నవాళ్లు కూడా ఇది రాసుకోండి. అది కూడా తవ్వే జాతే.

ఎస్టిమేట్ కావాల్సినవాళ్లు షాపుకు రండి. చాలామంది ఫోన్లో కుక్కపిల్ల ఫొటో తెచ్చి చూపిస్తారు. ముద్దుగానే ఉంటుంది. నాకు కావాల్సింది స్థలం కొలతలు.