ప్రీ-వెడ్డింగ్ షూట్ సూపర్, మరి తాళి కట్టిన షాట్ ఏది? ఓపెన్ వీల్ రేసింగ్‌కి టీవీ చేసిన మేలూ కీడూ

నమస్తే. ఎఫ్1, అంటే ఫార్ములా వన్ కార్ రేసుల మాటొస్తే చాలు, ఎవరో ఒకరు ఈ ముక్క అనకుండా ఉండరు: "అమెరికాలో ఎఫ్1 హిట్టయింది నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వల్లే కదా. ఇండీకార్‌కి కూడా అలాంటిదొకటి తీస్తే సరిపోతుంది." ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే, తీశారండీ! 2023లోనే తీశారు. '100 డేస్ టు ఇండీ' అని సీడబ్ల్యూ నెట్‌వర్క్‌లో వచ్చింది. మీలో ఎంతమంది చూశారు? రేసుల రేటింగులు దాంతో ఎగిరి గంతేసిందీ లేదు.

ఓపెన్ వీల్ అంటే చక్రాలు బాడీ బయట కనిపించే కార్ల రేసింగ్. ఎఫ్1 ప్రపంచమంతా తిరుగుతుంది, ఇండీకార్ అమెరికాది. అంతకన్నా లోతుకి వెళ్లను. నేరుగా పెళ్లికి వెళ్దాం.

అవును, పెళ్లికే. ఈ రోజుల్లో ప్రీ-వెడ్డింగ్ షూట్ ఎలా తీస్తున్నారో చూస్తున్నాం కదా. డ్రోన్లు, స్లో మోషన్, వెనకాల పాట. ఇందాక చెప్పిన నెట్‌ఫ్లిక్స్ ఎఫ్1 సిరీస్ డ్రైవ్ టు సర్వైవ్ అచ్చంగా అదే. అది చూసి జనం పెళ్లికి రావాలనుకుంటారు, ఒప్పుకుంటా. కానీ పెళ్లికి రాలేనివాళ్ల చేతికి చివరికి దొరికేది పెళ్లి వీడియో. అందులో తాళి కట్టే క్షణంలో కెమెరా వంటల దగ్గర ఉంటే? ప్రీ-వెడ్డింగ్ షూట్ ఎంత బాగుంటే ఏం లాభం?

ఇది ఊరికే అనడం లేదు, నిజంగా జరిగింది.

[స్క్రీన్ మీద: మొనాకో, 2021]

మొనాకోలో ఓవర్‌టేక్ అంటే ఏడాదికోసారి పూసే పువ్వు. ఆ రోజు హామిల్టన్ ముందుగా పిట్‌కి, అంటే టైర్లు మార్చుకునే చోటికి, వెళ్లాడు. వెటెల్ మాత్రం పాత టైర్ల మీదే ఇంకొన్ని ల్యాపులు లాగి, అప్పుడు పిట్‌కి వెళ్లాడు. అతను పిట్ లేన్ నుంచి బయటకొచ్చేసరికి ఇంకో డ్రైవర్ గ్యాస్లీ సరిగ్గా పక్కనే ఉన్నాడు. ఇద్దరూ చక్రానికి చక్రం ఆనించినట్టు కొండ ఎక్కుతున్నారు. రేసు మొత్తానికి ఇదే ముహూర్తం. డైరెక్టర్ ఏం చూపించాడో తెలుసా? స్విమ్మింగ్ పూల్ మలుపు దగ్గర స్ట్రోల్ అనే డ్రైవర్ కెర్బ్ (ట్రాక్ అంచు) ఎక్కిన రీప్లే! మళ్లీ లైవ్‌కి వచ్చేసరికి అంతా అయిపోయింది. వెటెల్ ముందున్నాడు, తలంబ్రాలు పోసేశారు.

ఎందుకిలా అంటే, మిగతా రేసులన్నిటి ప్రసారాన్నీ ఎఫ్1 సొంత టీమే తయారుచేస్తుంది. ఇంగ్లండ్‌లోని బిగ్గిన్ హిల్‌లో వాళ్ల సెంటర్ ఉంది. ప్రపంచంలో మీరు ఏ ఛానెల్ పెట్టినా బొమ్మ అక్కడిదే. మొనాకో ఒక్కటి మాత్రం స్థానిక ఛానెల్ చేతిలో ఉండేది. "మా ఇంటి పెళ్లికి మా వీడియోగ్రాఫరే" అన్నమాట. 2023 నుంచి అదీ ఎఫ్1 చేతికే వచ్చింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. కాస్త నిదానంగా చెప్తా. ఓపెన్ వీల్‌కి మంచి వీడియోగ్రాఫర్ మిగతా రేసింగ్ కన్నా ఎందుకు ఎక్కువ అవసరం?

అమెరికాలో ఇంకో పెద్ద రేసింగ్ సిరీస్ నాస్కార్. దాని కార్లకి చక్రాల మీద బాడీ ఉంటుంది. ఒకదాన్నొకటి రాసుకుంటాయి, తోసుకుంటాయి. ఏం జరుగుతోందో చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఓపెన్ వీల్‌లో చక్రానికి చక్రం తగిలిందంటే కారు గాల్లోకి లేస్తుంది. అందుకని దూరం పాటించాలి. అంటే అసలు పోరాటం కార్ల మధ్య ఉన్న ఖాళీలో జరుగుతుంది. ఖాళీని కెమెరా ఎలా చూపిస్తుంది?

[స్క్రీన్ మీద: స్ట్రెయిట్ చివర నుంచి తీసిన షాట్]

ఈ షాట్ చూడండి. స్ట్రెయిట్ చివర పెద్ద జూమ్ లెన్స్ పెట్టి, ఎదురుగా వస్తున్న కార్లని తీశారు. రెండు కార్లూ అంటుకుపోయినట్టున్నాయి కదా? ఇప్పుడు లెక్క వేద్దాం. గంటకు 320 కిలోమీటర్లు అంటే సెకనుకి దాదాపు 89 మీటర్లు. ఆ ఇద్దరి మధ్య తేడా అర సెకను. అంటే 44 మీటర్లు! జూమ్ లెన్స్ ఆ 44 మీటర్లనీ నలిపి చాప చుట్టేసింది. పైగా కారు మన వైపే వస్తోంది కాబట్టి వేగం కూడా తెలియదు, నిలబడి ఊగుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో కూర్చున్న మనం "అంత దగ్గరున్నాడు, దాటడేం వీడు?" అని విసుక్కుంటాం. అదే కెమెరాని ట్రాక్ పక్కన కింద పెట్టి, మామూలు లెన్స్‌తో తీస్తే, కారు ఇలా వచ్చి అలా మాయమవుతుంది. కారు అదే, వేగం అదే.

కాబట్టి ఈ ఆటని టీవీలో బతికించేవి తెర పక్కన తగ్గుతూ వచ్చే ఆ గ్యాప్ అంకెలు, ఏ టైరు ఎన్ని ల్యాపులు తిరిగిందన్న గ్రాఫిక్, డ్రైవర్ రేడియో, తల పైన కెమెరా. 1.8, 1.4, 0.9 అని అంకె దిగుతుంటే టెన్షన్ వస్తుందే, అది లేకపోతే ఈ రేసు కార్ల ఊరేగింపే. ట్రాక్ దగ్గరున్నా అంతే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (కరెంటు కార్ల ఓపెన్ వీల్ రేసు) చూసినవాళ్లని అడగండి. జాగ్వార్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, వెర్న్ గెలిచాడు. కానీ మీరు కూర్చున్న స్టాండ్ ముందు నుంచి పోయేది మాత్రం కొన్ని క్షణాల కారే. మిగతాదంతా పెద్ద తెర మీదే చూడాలి.

సరే, ఇప్పుడు అమెరికా సంగతి. 1979 ఫిబ్రవరి 18. నాస్కార్ పెద్ద రేసు డేటోనా 500ని సీబీఎస్ ఛానెల్ మొదటి నుంచి చివరి దాకా లైవ్ ఇచ్చింది. తూర్పు రాష్ట్రాల్లో మంచు తుఫాను, జనం ఇళ్లలోంచి కదల్లేదు. చివరి ల్యాప్‌లో మొదటి ఇద్దరూ గుద్దుకున్నారు, వెనకెక్కడో ఉన్న రిచర్డ్ పెట్టీ గెలిచాడు. ఆ తర్వాత గడ్డిలో డ్రైవర్ల మధ్య ముష్టియుద్ధం! ఆడియన్స్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

మరి ప్రపంచంలోనే అతి పెద్ద ఓపెన్ వీల్ రేసు ఇండియానాపోలిస్ 500ని అప్పుడు ఎలా చూపించేవారు? అదే రోజు రాత్రి, రికార్డింగ్, కత్తిరించి. పొద్దున పెళ్లయిపోతే రాత్రికి క్యాసెట్ వేసినట్టు. మొదటిసారి మొత్తం లైవ్ వచ్చింది 1986లో. ఏడేళ్లు ఆలస్యం. ఇంకా విడ్డూరం ఏంటంటే, ఆ ఊళ్లో అప్పుడు కూడా లైవ్ లేదు. టీవీలో వస్తే టికెట్లు కొనరన్న భయం. 1949, 1950లలో లోకల్ ఛానెల్ లైవ్ ఇస్తే, ఆ తర్వాత ఆపేశారు. మళ్లీ ఆ ఊరివాళ్లు ఇంట్లో కూర్చుని లైవ్ చూసింది 2016లో, నూరో రేసుకి. సొంత ఊరి పెళ్లి, సొంత ఊరివాళ్లకే వీడియో లేదు. స్టేడియం నిండిందా అంటే నిండింది. కానీ ఎదురింటి పిల్లాడు ఆ పూట టీవీలో ఇంకేదో ఆట చూసి దానికి ఫ్యాన్ అయిపోయి ఉంటాడు కదా. ఆ లెక్క ఎవరు వేశారు?

తర్వాత 1996, అన్నదమ్ముల గొడవ. ఇండీ 500 జరిగే స్పీడ్‌వే అధ్యక్షుడు టోనీ జార్జ్ ఐఆర్ఎల్ అని వేరే సిరీస్ పెట్టి, ఆ రేసులోని 33 స్థానాల్లో 25 దాని జట్లకే అన్నాడు. పేరున్న డ్రైవర్లంతా ఉన్న పాత సిరీస్ కార్ట్ అలిగి, అదే మే 26న మిషిగన్‌లో యూఎస్ 500 పెట్టుకుంది. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు! ఒక చోట పెళ్లికొడుకు లేడు, ఇంకోచోట మండపం లేదు. చుట్టాలు ఎటు వెళ్లాలి? చాలామంది ఎటూ వెళ్లలేదు. మిషిగన్‌లో పచ్చజెండా ఊపకముందే ముందు వరుస కార్లు గుద్దుకున్నాయి, అది వేరే సంగతి. ఆ రెండు సిరీస్‌లూ ఒకటవడానికి 2008 దాకా పట్టింది. ఈలోగా నాస్కార్ మాత్రం 2001 నుంచి తన టీవీ హక్కులన్నీ ఒకే కట్టగా అమ్ముకుంది. కొట్టుకునేవాళ్లు కొట్టుకుంటుంటే ప్రేక్షకుల్ని పట్టుకుపోయింది.

టైమ్ అయిపోతోంది, ఎడిటర్ నా వైపు చూస్తున్నాడు. గబగబా చెప్పేస్తా.

2018. డ్రైవ్ టు సర్వైవ్ ఇంకా రాలేదు, అది 2019. ఆ ముందు ఏడాదే అమెరికా ఛానెల్ ఈఎస్‌పీఎన్ ఎఫ్1ని తీసుకుంది. బ్రిటన్ ఛానెల్ స్కై వాళ్ల కామెంటరీ యథాతథంగా పెట్టింది, ఒక స్పాన్సర్ దొరికాక రేసు మధ్యలో యాడ్స్ తీసేసింది. ఆ ఏడాది రేసుకి సగటున ఐదున్నర లక్షల మంది చూశారు, 2022కి పన్నెండు లక్షలు దాటారు. సిరీస్ చూసి వచ్చినవాళ్లు నిలబడ్డారంటే, వచ్చాక రేసు తెగకుండా కనబడింది కాబట్టి. అదే సమయంలో ఇండీకార్‌లో యాడ్ వస్తే రేసు మూలన చిన్న డబ్బాలోకి పోయేది.

2025లో ఇండీకార్ పదిహేడు రేసులూ ఫాక్స్ మెయిన్ ఛానెల్‌లోనే వచ్చాయి. ఏ రేసు ఎక్కడొస్తుందో వెతుక్కోనక్కర్లేదు. ఇండీ 500కి 70 లక్షల మంది. బాగుంది కదా? అదే ఏడాది లాంగ్ బీచ్ రేసుకి ఆరు లక్షలు కూడా లేరు. ఎందుకంటే అదే ఆదివారం గోల్ఫ్‌లో మాస్టర్స్ ఫైనల్, మెకిల్‌రాయ్ గెలిచిన రోజు. ఊరి పెద్ద ఇంట్లో పెళ్లున్న రోజే మన పెళ్లి పెట్టుకుంటే బంతికి ఎవరొస్తారు?

ఇక ముందు సంగతి. 2026 నుంచి అమెరికాలో ఎఫ్1 ఆపిల్ స్ట్రీమింగ్ చేతికి పోయింది, అయిదేళ్ల ఒప్పందం. అంటే ఛానెళ్లు మారుస్తూ అనుకోకుండా రేసులో పడేవాడు ఇక ఉండడు. మన దగ్గర ఇది ముందే చూశాం. 2022 తర్వాత స్టార్ స్పోర్ట్స్‌లో ఎఫ్1 పోయింది, ఇప్పుడు ఫ్యాన్‌కోడ్ యాప్‌లో డబ్బులు కట్టి చూస్తున్నాం. ఉన్న ఫ్యాన్ కడతాడు. ఇంకా ఫ్యాన్ కానివాడు ఎందుకు కడతాడు? నా అంచనా అడిగితే, వచ్చే అయిదేళ్లలో ఎఫ్1కి డబ్బు పెరుగుతుంది, ఇండీకార్‌కి మనుషులు పెరుగుతారు. ఫాక్స్ 2025లో ఇండీకార్ యజమాని పెన్స్కే ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీలో మూడో వంతు కొనేసింది కాబట్టి కెమెరాలు, యాడ్ల సంగతి పట్టించుకోక తప్పదు.

అన్నట్టు, 2026 క్యాలెండర్ తీసి మే 24 చూడండి. ఇండీ 500, కెనడా గ్రాండ్ ప్రీ రెండూ ఆ ఆదివారమే పెట్టారు. ఎవరు చూశారో ఆ ముహూర్తం!