శాసనసభకు పోటీ: సరిహద్దు నుంచి ఒక సందేహం (ఫోన్-ఇన్ కార్యక్రమం)

నిర్వాహకురాలు: నమస్కారం. ఎన్నికల విధుల్లో పనిచేసి పదవీ విరమణ పొందిన అధికారి మనతో ఉన్నారు. ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం సార్. మావారు ఒకసారి సర్పంచిగా చేశారు. 2029లో పర్లాకిమిడి నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానని, అందుకోసం వంశధార పక్కనున్న రెండెకరాల పల్లపు భూమి అమ్ముతానని అంటున్నారు. ఆయనకు సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో కూడా ఓటుంది.

సలహాదారు: ముందు ఆ రెండో ఓటు సంగతి తేల్చుకోండమ్మా. ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గం జాబితాలోనే ఉండాలని 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం చెబుతోంది. అవతల ఇల్లున్నంత మాత్రాన అక్కడ ఓటరు కాలేరు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. సరిహద్దు పల్లెల్లో దీన్ని తేలిగ్గా తీసుకుంటారు గాని, ఒడిశా శాసనసభకు పోటీ చేసేవారు ఈ రాష్ట్రంలో ఓటరై ఉండడం తప్పనిసరి కనుక, ప్రత్యర్థులు ముందుగా వెతికేది ఇలాంటి లోపాన్నే. పాతపట్నం జాబితాలోని పేరును ఫారం 7 పెట్టి తీయించుకోమనండి.

శ్రోత: మరి భూమి?

సలహాదారు: అమ్మవద్దనే నా గట్టి సలహా. డిపాజిట్ 10,000 రూపాయలే. కానీ చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే అది తిరిగి వస్తుంది, అంటే 1,50,000 ఓట్లుంటే 25,000 దాటాలి. 2024లో ఒడిశాలోని 147 స్థానాల్లో స్వతంత్రులు గెలిచినవి 3 మాత్రమే. మన పక్క గంజాం జిల్లాలోని హింజిలినే చూడండి: 2000 నుంచి అక్కడ గెలుస్తూ 24 ఏళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న నవీన్ పట్నాయక్ ఆధిక్యం 2024లో 5,000 ఓట్ల లోపుకు పడిపోయింది, ఆయన పోటీ చేసిన రెండో స్థానం కాంటాబంజిలో ఓటమి ఎదురైంది. అంతటి నాయకుడికే అలా జరిగినప్పుడు, పొలం అమ్మిన డబ్బు మీ వారిని ఒడ్డున పడేస్తుందని నేను నమ్మను.

శ్రోత: బోర్లు వేయించాను, కల్వర్టు కట్టించాను, జనం మరచిపోరంటారు సార్.

సలహాదారు: మంచి పనులేనమ్మా, కానీ ఆ పేరు ఆ పంచాయతీ వరకే. స్వతంత్ర అభ్యర్థి నామినేషన్ మీద పదిమంది ప్రతిపాదకులు సంతకం చేయాలి, వారంతా ఆ నియోజకవర్గం ఓటర్లే కావాలి. ఆ పదిమందీ పది వేర్వేరు పంచాయతీల నుంచి, ఒడియా వారూ సవరలూ కలిసి, పైసా ఆశించకుండా వస్తారేమో ఇప్పుడే చూసుకోమనండి. పంచాయతీ ఎన్నికలు 2022లో జరిగాయి కనుక తరువాతివి 2027లో రావాలి. పార్టీ గుర్తులపై జరిగే జిల్లా పరిషత్తు పోటీ ఆయనకు సరైన మెట్టు.

శ్రోత: అప్పటికీ నిలబడితే ఖర్చు లెక్క నన్నే రాయమంటారు.

సలహాదారు: అయితే బాగా వినండి. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. రిజిస్టరులో తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు లెక్క రాయాలి. ఖర్చు 40 లక్షలు మించకూడదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా లెక్కంతా జిల్లా ఎన్నికల అధికారికి అందకపోతే మూడేళ్ల అనర్హత పడవచ్చు. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో మీ పేరున ఉన్న బంగారం, భూమి, అప్పులు కూడా చూపాలి గనుక, చదవకుండా ఏ కాగితమూ పంపనివ్వకండి.