రచయిత మారిపోతే పుస్తకం ఏమైతది? చలం, గోపీచంద్, మా ఇద్దరి గొడవ

తమ్ముడు: నమస్తే అందరికీ. ఇయ్యాల ఎపిసోడ్‌ల నేను, అక్క ఇద్దరమే ఉన్నం. టాపిక్ ఏందంటే, పుస్తకాలు చదివేటోళ్ళు ఏ ఇద్దరు కలిసినా, బుక్ ఫెయిర్ల చాయ్ తాగుకుంట నిలవడ్డా సరే, ఎక్కడో ఒక దగ్గర ఈ మాట వస్తది. చలం ఆడోళ్ళ స్వేచ్ఛ గురించి అంత రాసి రాసి చివరికి రమణ మహర్షి ఆశ్రమం ఉన్న అరుణాచలం పోయి కూసున్నడు కదా, మరి ఆ రాసిందంతా ఏమైనట్టు అని. అక్కా, మీరే మొదలుపెట్టండి.

అక్క: ఏమీ అవలేదు తమ్ముడూ. రాసింది రాసినట్టే ఉంది. 1927లో మైదానం నవల రాశారు, 1950లో తిరువణ్ణామలై, అదే అరుణాచలం, వెళ్ళిపోయారు, 1979లో పోయేదాకా అక్కడే ఉన్నారు, అంటే దాదాపు ముప్ఫై ఏళ్ళు. ఇప్పుడు ఈ ముప్ఫై ఏళ్ళని పట్టుకుని వెనక్కి వెళ్ళి 1927 నాటి పుస్తకం మీద తీర్పు చెప్తారు జనం. ఒక బ్యాచ్ ఏమంటుందంటే, చూశారా, చివరికి ఆయనకే తెలిసొచ్చింది, ఆ రాతలన్నీ తప్పని. ఇంకో బ్యాచ్ ఏమంటుందంటే, పాపం ముసలితనంలో లొంగిపోయాడు, అసలు చలం ఆ పాత చలమే. నాకు ఈ ఇద్దరితోనూ పేచీయే. ఎందుకంటే ఇద్దరూ పుస్తకం తెరవకుండానే వాదించేస్తున్నారు.

తమ్ముడు: తెరవకుండా అంటే?

అక్క: అంటే మైదానం గురించి మాట్లాడే వాళ్ళని అడుగు, కథ చెప్పమని. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీర్‌తో లేచిపోయింది, ఇద్దరూ ఊరవతల మైదానంలో గుడిసెలో ఉన్నారు, స్వేచ్ఛ, ప్రేమ, అంతే. అక్కడితో ఆగిపోతారు. ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తుండదు. ఆమె కడుపుతో ఉందని తెలిశాక అమీర్ ఏమన్నాడు? తీయించుకోమన్నాడు. ఆమె ఎవరి కోసం అన్నీ వదిలేసి వచ్చిందో ఆ మనిషే అన్నాడు ఆ మాట. తర్వాత మీరా అనే ఇంకో మగవాడు వస్తాడు, ఇంత విశాలమైన మైదానంలో కూడా అసూయ ఎట్లా పుడుతుందో కనిపిస్తుంది, చివరికి కత్తి, చావు, జైలు. ఇదంతా రాజేశ్వరే ఒక స్నేహితురాలికి చెప్పుకుంటున్నట్టు రాశారు. మొత్తం అయిపోయాక, ఏం జరిగిందో అంతా తెలిసిన మనిషి గొంతుతో చెప్తుంది, అయినా పశ్చాత్తాపపడదు. స్వేచ్ఛకి ఎంత ఖరీదు కట్టాలో ఆ నవల్లోనే ఉంది తమ్ముడూ. దాన్ని కనుక్కోవడానికి చలం అరుణాచలం దాకా వెళ్ళక్కర్లేదు, మనమూ వెళ్ళక్కర్లేదు.

తమ్ముడు: ఆ అసూయ గురించి నేను ఒప్పుకుంట. కానీ అక్కా, నా డౌట్ వేరే. కథలు, నవలలు అయితే సరే, పుస్తకం పుస్తకమే, మనిషి మనిషే. కానీ చలం కథలు మాత్రమే రాయలేదు కదా. స్త్రీ గురించి రాసిండు, పిల్లల పెంపకం గురించి రాసిండు, మ్యూజింగ్స్ అని తన ఆలోచనలు రాసిండు, ఇట్ల బతకాలె అని చెప్పిండు. ఫిలాసఫీ అంటే బతకడానికి పనికొచ్చేది అని నేను నమ్ముత. మరి ఆ మాట చెప్పిన మనిషే ఆ మాటల ఉండలేకపోతే, అది ఆ ఫిలాసఫీ గురించి మనకు ఏదో ఒకటి చెప్తున్నట్టే కదా? నేను తప్పు అనట్లేదు, సాక్ష్యం అంటున్న.

అక్క: సాక్ష్యమే, కాదనను. అయితే దేనికి సాక్ష్యం? ఒక మనిషికి, ఒక వయసులో, అది చాల్లేదు అనడానికి సాక్ష్యం. అంతకంటే ఎక్కువ లాగితే తెగిపోతుంది. నీకు టాల్‌స్టాయ్ తెలుసు కదా, మనకి మాస్కో పబ్లిషర్లు ప్రగతి, రాదుగ వాళ్ళ పుణ్యమా అని ఆ రష్యన్లందరూ తెలుగులో దొరికారు. ఆయన యాభై దాటాక పూర్తిగా మతం వైపు, నైతికత వైపు మళ్ళిపోయి, 1890ల చివర్లో కళ అంటే ఏమిటి అని ఒక పుస్తకం రాసి, అందులో తన రచనలనే చెడ్డ కళ కింద పడేశాడు. ఒక్క రెండు కథలు మాత్రం మినహాయించాడు, భగవంతుడికి నిజం తెలుసు అనే అర్థం వచ్చేది ఒకటి, కాకసస్ ఖైదీ ఇంకొకటి. అంటే యుద్ధము శాంతి పోయింది, అన్నా కరెనినా పోయింది. ఎవరైనా విన్నారా ఆయన మాట? ఎవరూ వినలేదు. ఎందుకు వినాలి? రాసేశాక ఆయన కూడా ఒక పాఠకుడే. మనకంటే కాస్త ఎక్కువ తెలిసిన పాఠకుడు, కానీ జడ్జి కాదు.

తమ్ముడు: టాల్‌స్టాయ్ మళ్ళీ నవలే అయింది అక్కా. నేను ఫిలాసఫర్‌ని అడుగుతున్న.

అక్క: సరే, ఆస్ట్రియా ఫిలాసఫర్ విట్‌గెన్‌స్టైన్‌ని తీసుకో. మొదటి పుస్తకం 1921లో వచ్చింది, దాంతో ఫిలాసఫీలో అసలు సమస్యలన్నీ తీరిపోయాయి అనుకున్నాడు, వెళ్ళి ఆస్ట్రియా పల్లెల్లో పిల్లలకి పాఠాలు చెప్పాడు. తర్వాత మళ్ళీ కేంబ్రిడ్జికి వచ్చాడు, మొత్తం మనసు మార్చుకున్నాడు. రెండో పుస్తకం ఆయన పోయాక 1953లో అచ్చయింది. దాని ముందుమాట మాత్రం 1945లోనే రాసి పెట్టుకున్నాడు. అందులో నా మొదటి పుస్తకంలో పెద్ద తప్పులు ఉన్నాయి అని సూటిగా చెప్పేశాడు. అంతవరకూ అయితే నీ వాదనే గెలిచేది. కానీ అదే ముందుమాటలో ఇంకో మాట ఉంది, పాత ఆలోచనల్ని, కొత్త ఆలోచనల్ని ఒకేచోట కలిపి అచ్చు వేయాలని ఉంది అన్నాడు, పాతది పక్కన ఉంటేనే కొత్తది సరిగ్గా అర్థమవుతుంది అని. తప్పు అని తేలిన పుస్తకాన్ని అటకెక్కించమనలేదు తమ్ముడూ, పక్కన పెట్టి చదవమన్నాడు. నాకు ఇది చాలా ఇష్టమైన విషయం.

తమ్ముడు: ఇది బాగుంది. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు, కానీ వదిలిపెట్టను, మళ్ళీ వస్త దీని మీదికి. ముందు గోపీచంద్ గురించి మాట్లాడుదాం, ఎందుకంటే మనిద్దరికీ అసలు గొడవ అక్కడే.

అక్క: గొడవ అంటే అసమర్థుని జీవయాత్ర హీరో సీతారామారావు మీద నువ్వు జాలిపడతావు, అక్కడ.

తమ్ముడు: జాలి కాదక్కా, కోపం. రచయిత మీద. హాస్టల్ల ఉన్నప్పుడు చదివిన అసమర్థుని జీవయాత్ర, రాత్రి మొదలుపెట్టి తెల్లారేదాకా. ఆ మనిషికి ఒక్క దిక్కు కూడా దయ చూపియ్యలేదు గోపీచంద్. ఆస్తి పాయె, ఉద్యోగంల నిలువలేకపాయె, పెండ్లాం మీద అరుపులు, బిడ్డ మీద కోపం, ఆఖరికి శ్మశానంల ప్రాణం పాయె. పేజీ పేజీకి వాన్ని ఇంకింత కిందికి తోసుకుంటనే పోయిండు. ఎందుకింత పగ అనిపించింది నాకు.

అక్క: పగ అని నాకు అనిపించదు. నువ్వు ఆ మాటలు ఎట్లా నడుస్తాయో చూడు. సీతారామారావు ఎవరితో మాట్లాడినా వాదనలో తనే గెలుస్తాడు. భార్య ఇందిర ఒక చిన్న మాట అంటుంది, ఇంటి సంగతి ఏదో. దానికి ఆయన సమాజం గురించీ, మనుషుల స్వార్థం గురించీ మొత్తం ఒక సిద్ధాంతం కట్టేస్తాడు. లాజిక్‌లో ఎక్కడా లోపం ఉండదు. కానీ ఆమె అడిగినదానికి మాత్రం జవాబు ఉండదు. ఒక్క రామయ్య తాత దగ్గరే ఆ వాదన కాస్త తడబడుతుంది, ఎందుకంటే ఆయన వాదించడు, మామూలుగా బతికే మనిషి చెప్పినట్టు చెప్తాడు. ఆలోచన ఉంది, తెలివి ఉంది, కానీ పక్కవాళ్ళ మీద ప్రేమ లేకపోతే ఆ తెలివే తిరిగి తనని తినేస్తుంది, అదీ ఆ నవల. ఇప్పుడు ఇది ఎవరు రాశారో గుర్తు తెచ్చుకో. త్రిపురనేని రామస్వామి చౌదరి గారి కొడుకు. సూతపురాణం రాసిన ఆయన, హేతువాదం అంటే ఆంధ్రలో మొదట గుర్తొచ్చే పేర్లలో ఒకరు. ఈ నవల అంకితం కూడా ఆ నాన్నకే, ఎందుకు అని అడగడం నేర్పినందుకు. అప్పటికి గోపీచంద్ హేతువాది ఎం.ఎన్. రాయ్ రాడికల్ పార్టీలో పనిచేసిన మనిషి. అంటే పూర్తిగా హేతువాదుల మధ్య ఉండి, ఎందుకు అని అడుగుతూ అడుగుతూ నాశనమైపోయిన మనిషి కథ రాశాడు, దాన్ని ఎందుకు అని అడగడం నేర్పిన తండ్రికి అంకితం ఇచ్చాడు. నాకు ఒళ్ళు జలదరిస్తుంది ఇది తలుచుకుంటే.

తమ్ముడు: తర్వాత ఆయన యోగి అరవిందుల వైపు, అంటే ఆధ్యాత్మికత దిక్కు పోయిండు.

అక్క: వెళ్ళారు. తత్త్వవేత్తలు రాశారు, పోస్టు చెయ్యని ఉత్తరాలు రాశారు, పండిత పరమేశ్వర శాస్త్రి వీలునామా రాశారు. 1962లో పోయారు, ఆ తర్వాతి ఏడాది దానికే సాహిత్య అకాడమీ వచ్చింది. నేను చెప్పేదేంటంటే, అరవిందుల దగ్గరికి ఎందుకు వెళ్ళాడో ఆ కారణం 1940ల నవల్లోనే ఉంది. వట్టి తర్కం చాలదు అని మనిషికంటే ముందు పుస్తకానికి తెలుసు.

తమ్ముడు: దొరికిన్రు అక్కా! ఆగండి ఆగండి. ఇప్పటిదాకా మీరు ఏమన్నరు? తర్వాతి జీవితాన్ని పట్టుకొని పాత పుస్తకాన్ని చదవొద్దు అన్నరు. ఇప్పుడు మీరే, తర్వాత అరవిందుల దగ్గరికి పోయిండు కాబట్టి ఆ నవల్ల అది ముందే ఉన్నది అంటున్నరు. ఆయన ఒకవేళ చివరిదాకా రాయ్ పార్టీలనే ఉంటే, మీరు ఈ నవలను ఇట్లనే చదివేటోళ్ళా?

అక్క: మంచి ప్రశ్న. ఊఁ. ఇందిర అడిగినదానికి జవాబు రాలేదు అనే సంగతి మాత్రం చూసేదాన్నే, అది పేజీ మీద ఉంది కాబట్టి. దాన్ని అరవిందులతో ముడిపెట్టి ఉండేదాన్ని కాదు, అంతవరకు ఒప్పుకుంటా. నా తేడా ఏంటంటే, తర్వాతి జీవితం తెలిస్తే ఆ పుస్తకంలో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. వెతికాక దొరికితే తీసుకో, దొరక్కపోతే వదిలెయ్. తీర్పు మాత్రం ముందే రాసుకుని వెళ్ళొద్దు.

తమ్ముడు: సరే, ఇది నేను తీసుకుంట. కానీ చలం దగ్గర మాత్రం తగ్గను. ఎందుకో చెప్తా. గోపీచంద్ నన్ను చూడు, నా బతుకు చూడు అని ఎప్పుడూ అనలేదు. చలం అన్నడు. ఆయన దృష్టిల రాత వేరు, బతుకు వేరు కాదు. శ్రీశ్రీ మహాప్రస్థానానికి ముందుమాటగా రాసిన యోగ్యతాపత్రం చూడండి, అందుల కవిత్వాన్ని తూకం వెయ్యడు, గుండె తీసి బల్ల మీద పెడతడు, నీకు దమ్ముంటే ఇది చదువు అన్నట్టు. అసుంటి మనిషి తన బతుకునే సాక్ష్యంగా పెట్టిండు మన ముందర. మరి మనం సగం బతుకు చూసి, మిగతా సగం చూడొద్దు అంటే ఎట్లా? అరుణాచలం కూడా ఆ బతుకుల భాగమే. అది తీసేసి చదివితే చలాన్ని మోసం చేసినట్టే అనిపిస్తది నాకు.

అక్క: ఇది బలమైన మాట. తీసేయమని నేను అనట్లేదు కదా తమ్ముడూ, పక్కన పెట్టుకో, విట్‌గెన్‌స్టైన్ లాగే. నాకు బాధ ఎక్కడంటే, జనం రెండూ చదవరు. ఇటు మైదానం చదవరు, అటు అరుణాచలంలో రాసినవీ చదవరు. వాట్సాప్ స్టేటస్‌లో రెండు లైన్లు చూసి చలం అంటే ఇదీ అంటారు. ఆ లైన్లు ఏ సంవత్సరానివో, ఏ పుస్తకంలోవో, కథలో ఒక పాత్ర అన్నవో, ఆయన సొంతంగా అన్నవో ఎవరికీ పట్టదు.

తమ్ముడు: సంవత్సరం అంటే గుర్తొచ్చింది, మీరు పబ్లిషర్ల మీద ఏదో చెప్పాలె అన్నరు.

అక్క: అవును, ఇది చెప్పే వెళ్తాను. మన పాత పుస్తకాలు రీప్రింట్ వేసేటప్పుడు, ఈ ప్రింట్ ఎప్పటిదో వేస్తారు, కానీ చాలా వాటిలో మొదట ఎప్పుడు రాశారు, ఏ పత్రికలో వచ్చింది అన్నది ఉండదు. కథల సంపుటాల్లో అయితే మరీ. ముప్ఫై ఏళ్ళ తేడాతో రాసిన కథలు పక్కపక్కనే ఉంటాయి, అన్నీ ఒకే రోజు రాసినట్టు. అప్పుడు పాఠకుడు ఏం చేస్తాడు? రచయిత తనకి తనే విరుద్ధంగా మాట్లాడుతున్నాడు, మోసగాడు అనుకుంటాడు. కాదు, ఆయన మారాడు. కథ చివర ఒక్క సంవత్సరం వేస్తే సగం వాదనలు అక్కడే తెగిపోతాయి. ఇప్పుడు రాసే పిల్లలకి కూడా ఇదే చెప్తున్నా, రేపు నా అభిప్రాయం మారితే ఎట్లా అని భయపడి చాలామంది డ్రాఫ్టులు ఫోన్లోనే దాచుకుంటున్నారు. మారనీ. కింద తేదీ వేసి బయటపెట్టండి. రేపు మారితే అది కూడా రాయండి, తేదీతో సహా.

తమ్ముడు: మరి కొత్తగా మొదలుపెట్టేటోళ్ళు ఏ ఆర్డర్ల చదవాలె? చలం దగ్గర.

అక్క: మైదానంతో మొదలుపెట్టొద్దు, నా మాట విను. ముందు కథలు చదవాలి. తర్వాత మ్యూజింగ్స్. అప్పుడు మైదానం. అరుణాచలం రోజుల రాతలు చివర్లో.

తమ్ముడు: నేను ఉల్టా చెప్తా. మైదానమే ముందు. ఏమీ తెలువకుండ, ముందుమాటలు కూడా చదవకుండ. నాకు అట్లనే దొరికింది, అట్ల దొరికినందుకే అంత గట్టిగ తగిలింది.

అక్క: ఆ వయసులో తగులుతుందిలే. సరే, వినేవాళ్ళు రెండు రకాలుగానూ చదివి చూడండి. వచ్చేసారి బుచ్చిబాబు కదా?

తమ్ముడు: బుచ్చిబాబు నవల, చివరకు మిగిలేది. నేను మాత్రం దయానిధి దిక్కు కాదు, అమృతం దిక్కు. ఇప్పుడే చెప్తున్న.

అక్క: అయితే మళ్ళీ చదువుకునే రా, నేను కోమలి వైపు.