పైలట్ ఒరిగిపోతే పక్క సీటులో ఉన్నవాళ్ల సంగతి

అందరికీ నమస్కారం. మన ఒడిశా జయపురంలో నన్ను విమానాల గురించి మాట్లాడమంటే ముందు నవ్వొచ్చింది, ఎందుకంటే మనలో చాలామందికి విశాఖ వెళ్లడమంటే ఇప్పటికీ సుంకి ఘాట్, సాలూరు, మధ్యలో ఓ రెండు వాంతులు. కానీ 2022 నుంచి మన ఊళ్లో తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ దిగడం మొదలైంది కదా, అప్పట్నుంచి నా క్లినిక్‌కి వచ్చేవాళ్లది ఒకటే ప్రశ్న. "డాక్టరుగారూ, ఘాట్‌లో డ్రైవరుకి గుండెనొప్పి వస్తే బస్సు పక్కకి ఆపుతాడు, మరి అంత పైన ఏం చేస్తారు?"

ఆ సర్వీసులో ముందు ఇద్దరు పైలట్లు కూర్చుంటారు, కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు. నేను మాట్లాడేది ఒకే పైలట్ నడిపే చిన్న సొంత విమానాల గురించి.

ముందు ఒక భయం తీసేస్తాను. పైలట్‌కి స్పృహ తప్పినంత మాత్రాన విమానం దబ్బున పడిపోదు. ట్రిమ్, అంటే పట్టుకోకపోయినా విమానం నిలకడగా పోయేలా చేసే సర్దుబాటు, సరిగ్గా పెట్టి ఉంటే, ఇంజన్ తిరుగుతున్నంతసేపు దాదాపు అలాగే పోతూ ఉంటుంది, ఆటోపైలట్ వేసి ఉంటే ఇంకా నయం. అసలు చిక్కంతా పైలట్ ఒంటి బరువుతో వస్తుంది. మనిషి ముందుకి ఒరిగి కంట్రోల్ మీద, అంటే విమానాన్ని తిప్పే చేతిపిడి మీద, పడితే విమానం ముక్కు కిందకి దిగుతుంది.

2022 మే 10న అచ్చంగా ఇలాగే జరిగింది. బహామాస్ నుంచి ఫ్లోరిడా వస్తున్న విమానంలో పైలట్, ఇద్దరు ప్రయాణికులు ఉన్నారు, అదీ కారవానే. దారిలో పైలట్ తలనొప్పి అన్నాడు, కాసేపటికి మాట తడబడింది, ఒరిగిపోయాడు, విమానం సముద్రం వైపు దూకింది. వెనక కూర్చున్న డారెన్ హారిసన్‌కి విమానం నడపడం బొత్తిగా రాదు. అయినా ముందుకొచ్చి కంట్రోల్ అందుకుని మెల్లగా, గుంజేయకుండా, వెనక్కి లాగాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆ 'మెల్లగా'. కంగారులో ఒక్కసారిగా లాగితే ఇంకో ప్రమాదం తయారయ్యేది.

తను ఎక్కడున్నాడో కూడా ఆయనకి తెలీదు, ఎదురుగా ఫ్లోరిడా తీరం మాత్రం కనిపిస్తోంది. రెక్కలు సమంగా పెట్టుకుని ఆ తీరం వెంబడే పొమ్మని కింద ఉన్న కంట్రోలర్లు, అంటే విమానాలకి దారి చెప్పేవాళ్లు, రేడియోలో చెప్పారు, ఈలోగా రాడార్‌లో వెతికి పట్టుకున్నారు. పామ్ బీచ్‌లో బ్రేక్‌లో పుస్తకం చదువుకుంటున్న కంట్రోలర్ రాబర్ట్ మోర్గాన్‌ని పిలిచారు, ఆయన ఉద్యోగంతో పాటు ఫ్లయింగ్ పాఠాలు కూడా చెప్పేవాడు. కారవాన్ మాత్రం ఎప్పుడూ నడపలేదు, అందుకని దాని కాక్‌పిట్ ఫొటో ప్రింట్ తీసి ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ చెబుతూ దింపించాడు. పైలట్‌కి బృహద్ధమని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, లోపలి పొర చీలింది, ఆపరేషన్ చేసి బతికించారు.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పాలి. పైలట్ మెడికల్ పాసయ్యాడంటే ఆ రోజుకి బాగున్నాడని, అంతే. ఆ ఈసీజీ వచ్చే నెలకి హామీ ఇవ్వదు. విమానయాన వైద్యంలో ఒక పాత లెక్క ఉంది, పైలట్ హఠాత్తుగా పనికిరాకుండా పోయే ముప్పు ఏడాదికి 1 శాతం దాటకూడదని. ఆ లెక్క కట్టిందే పక్కన రెండో పైలట్ ఉంటాడన్న భరోసా మీద! ఒక్కడే నడిపే విమానంలో ఆ రెండోవాడు ఎవరండీ? పక్కన కూర్చున్న బావమరిదే.

పక్కవాళ్లు కూడా ఏమీ చేయలేని సందర్భాలున్నాయి. చలికి వేసే హీటర్ పిస్టన్ ఇంజన్ ఉన్న చాలా చిన్న విమానాల్లో ఇంజన్ పొగగొట్టం వేడితోనే పనిచేస్తుంది, అక్కడ పగులొస్తే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. వాసన రాదు, మత్తు మాత్రం ఇద్దరికీ ఎక్కుతుంది. 2019లో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా విమానం ఇంగ్లిష్ ఛానల్‌లో కూలినప్పుడు ఆయన రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో 58 శాతాన్ని ఆ విషవాయువే పట్టేసిందని తేలింది. దీనికి మందు డిటెక్టర్ పెట్టుకోవడమే, అది ఖరీదైన వస్తువేం కాదు, అయినా పెట్టరు!

సరే, మీరు పక్కసీట్లో ఉన్నారనుకోండి. ముందు పైలట్‌ని వెనక్కి లాగి, భుజం బెల్టు బిగించండి, వీలైతే సీటు వెనక్కి జరపండి, కాళ్లు పెడల్స్ మీద లేకుండా చూడండి. ఆటోపైలట్ వేసి ఉంటే ముట్టుకోకండి. తర్వాత రేడియో. మాట్లాడే బటన్ సాధారణంగా కంట్రోల్ చేతిపిడి మీదే ఉంటుంది, నొక్కి మాట్లాడాలి, వదిలేసి వినాలి. భయంలో చాలామంది వదలరు, అవతలివాళ్లు ఎంత చెప్పినా వినపడదు. ఫ్రీక్వెన్సీ మార్చడం తెలీకపోతే ఉన్నదాంట్లోనే అరవండి. తెలిస్తే 121.5 పెట్టండి, అది ఆపదలో వాడే ఫ్రీక్వెన్సీ, పెద్ద విమానాలవాళ్లు కూడా వింటూ ఉంటారు. మన కొండల్లో ఇది ముఖ్యం, ఎందుకంటే ఈ రేడియోకి మధ్యలో కొండ అడ్డొస్తే పనిచేయదు, కింద విశాఖకి వినపడని మాట పైన పోయే విమానానికి వినపడుతుంది.

2012లో అమెరికాలో హెలెన్ కాలిన్స్ అనే 80 ఏళ్లావిడ, విమానం నడుపుతున్న భర్త పక్కనే కుప్పకూలితే తనే దింపింది, అదీ ఒక ఇంజన్‌కి ఇంధనం అయిపోయాక! ఎప్పుడో ఏళ్ల కిందట ఆయనే పట్టుబట్టి కాస్త నేర్పించాడట. మీకు తెలిసినవాళ్లెవరైనా రమ్మని చిన్న విమానం ఎక్కిస్తే, ఇంజన్ స్టార్ట్ చేయకముందే అడగండి, బాబూ, ఆ రేడియో బటన్ ఏదీ, ఆటోపైలట్ ఏదీ, బెల్టు ఎలా బిగుస్తుందీ అని. అపశకునం మాటలని కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి, చూపించాకే ఎక్కండి. ఇక మీరు అడగండి, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ల సంగతి కూడా అడగొచ్చు.