గీసిన చేతికే హక్కు దక్కాలంటే

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో రోటో, కంపోజిటింగ్ (సినిమా షాట్లలో బొమ్మల్ని విడదీసి, కలిపే గ్రాఫిక్స్ పని) చేసేవాళ్లున్నారు. పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లు, డబ్బింగ్ చెప్పేవాళ్లు, సీరియళ్లకు డైలాగులు రాసేవాళ్లు ఉన్నారు. ఎవర్ని కదిపినా ముందు వచ్చే మాట పేమెంటే. షాట్‌కి ఇంత అని మాట్లాడుకుంటారు. నాలుగైదు రివిజన్లు అవుతాయి. ఫైల్ చేతికి వచ్చేదాకా గంటకోసారి ఫోన్ చేసినవాళ్లు, వచ్చాక ఫోన్ ఎత్తరు. పేమెంటు సంగతికి తర్వాత వస్తాను. ముందు ఒకటి అడుగుతాను: ఫైల్ అప్పజెప్పాక ఆ బొమ్మ ఎవరిది?

1957 నాటి కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ఒక్కసారి చదవండి. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమాని. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేయించుకున్న పెయింటింగ్‌కి ఆ డబ్బిచ్చినవాళ్లే హక్కుదారులు. అయితే ఇదంతా "వేరే ఒప్పందం ఏదీ లేకపోతే"నే. అంటే వేరే ఒప్పందం రాయించుకోవడానికి చట్టం అడ్డు చెప్పడం లేదు. రాయించుకునే బలమే మనకు లేదు. సినిమా పాటల రచయితలు, సంగీత దర్శకులు రాయల్టీలో తమ వాటా వదులుకోవాల్సి రాకుండా 2012లో ప్రభుత్వం ఈ చట్టాన్ని సవరించింది. జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు రాజ్యసభలో గట్టిగా మాట్లాడితే, ఎంతోమంది కలిసి పట్టుబడితే వచ్చిన సవరణ అది. బొమ్మ గీసేవాళ్ల కోసం, ఎడిటింగ్ చేసేవాళ్ల కోసం అలాంటి సవరణేదీ రాలేదు. వచ్చేదాకా ఊరుకోకుండా మనం చేసుకోగల పని ఒకటుంది. పదిమందీ కలిసి, తమదే అయిన సంస్థ పెట్టుకోవడం.

ఫోటోగ్రాఫర్లు ఈ పని 1947లోనే చేశారు. రాబర్ట్ కాపా, ఆన్రీ కార్టియే బ్రెసోఁ, డేవిడ్ సేమూర్, జార్జ్ రోజర్ మొదలుపెట్టిన మ్యాగ్నమ్ ఫోటోగ్రాఫర్ల సొంత సహకార సంస్థ. పత్రిక పంపితే వెళ్లి తీసిన ఫోటో, దాని నెగటివ్ పత్రికవే అయిపోతున్న రోజులవి. ప్రాణాలకు తెగించి యుద్ధరంగంలో తీసిన ఫోటోను ఇంకో పత్రిక మళ్లీ వేసుకోవాలన్నా, తీసినవాడికి అందులో మాట ఉండేది కాదు. మ్యాగ్నమ్‌లో కాపీరైట్ తీసినవాళ్ల దగ్గరే ఉంటుంది. ఆఫీసు ఫోటోలు అమ్మిపెట్టి తన వాటా తీసుకుంటుంది. కొత్తవాళ్లను చేర్చుకోవాలా వద్దా అన్నది సభ్యులే ఏటా కూర్చుని ఓటేసి తేలుస్తారు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా అంతకన్నా పాతది. 1904 నుంచీ అందులో వాయించేవాళ్లదే ఆ సంస్థ.

అవన్నీ తెల్లవాళ్ల దేశాల సంగతులు అనుకునేవాళ్ల కోసం కేరళలోని కొట్టాయం గురించి చెబుతాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇదే.

1945లో అక్కడ పన్నెండు మంది మలయాళ రచయితలు సాహిత్య ప్రవర్తక సహకార సంఘం పెట్టుకున్నారు. పెట్టుబడి 120 రూపాయలు. అధ్యక్షుడు ఎం.పి. పాల్, కార్యదర్శి కారూర్ నీలకంఠ పిళ్ళ. రాసినవాళ్లకు పుస్తకం ధరలో 30 శాతం రాయల్టీ ఇవ్వాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. ఇవాళ పెద్ద ప్రచురణ సంస్థలు పది శాతం ఇస్తే గొప్పగా చెప్పుకుంటాయి. అచ్చు వేస్తే సరిపోదు, అమ్మాలి కదా. అందుకని నేషనల్ బుక్ స్టాల్‌ను కూడా సంఘంలో కలుపుకున్నారు. మలయాళంలో రాతనే నమ్ముకుని బతకొచ్చన్న ధైర్యం చాలామందికి అక్కణ్నుంచే వచ్చింది.

ఈ కథలో నన్ను కట్టిపడేసేది కారూర్. ఆయన బడిపంతులు, గొప్ప కథకుడు. కథలు రాసుకోవాల్సిన మనిషి ఏళ్ల తరబడి ప్రూఫులు, కాగితం బిల్లులు, స్టాకు, రాయల్టీ లెక్కలు చూశాడు. ఆ పని ఎవరో ఒకరు చెయ్యకపోతే సంఘం నడవదు. మనలో చాలామందికి లెక్కలంటే చిరాకు. "నేను ఆర్టిస్టుని, ఇవన్నీ నాకెందుకు" అంటాం. ఆ మాట అన్నన్నాళ్లూ లెక్కలు రాసేవాడిదే పైచెయ్యి. సంఘంలో లెక్కలు చూసే మనిషికి జీతం ఇవ్వండి, గౌరవం ఇవ్వండి. అది మీ అందరి పని కన్నా తక్కువది కాదు.

అదే సంఘంలో పనిచేసిన డి.సి. కిజక్కెమూరి బయటికొచ్చి 1974లో డి.సి. బుక్స్ పెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో సంఘాన్ని ప్రైవేటు సంస్థలు దాటిపోయాయి. ఇది దాచి చెప్పను. ఒకసారి కట్టుకున్నాం కదా అని ఏ సంఘమూ తనంతట తాను నిలబడదు. అయినా అది చేసి చూపించింది మాత్రం చెరిగిపోదు.

ఇప్పటికే స్టూడియో పెట్టి నడుపుతున్నవాళ్లు ఇక్కడ కొందరున్నారు. మీకు ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ గురించి చెప్పాలి. మట్టి బొమ్మల యానిమేషన్‌కి పేరున్న స్టూడియో అది. పీటర్ లార్డ్, డేవిడ్ స్ప్రాక్స్‌టన్ దాన్ని పెంచి పెద్ద చేశారు. వయసు మీద పడుతుంటే పెద్ద కంపెనీకి అమ్మేసి వెళ్లొచ్చు. వాళ్లు 2018లో 75 శాతం వాటాను ఉద్యోగుల తరఫున ఒక ట్రస్టుకి అప్పగించారు. బ్రిటన్‌లో 2014 చట్టం దీనికి దారి వేసింది. ఈ పద్ధతిలో ఉద్యోగి జేబులోంచి పైసా పెట్టక్కర్లేదు. సంస్థ లాభాల్లోంచే పాత యజమానులకు విడతలుగా చెల్లిస్తారు. ఐటీ కంపెనీలు ఉద్యోగులకు షేర్లిచ్చే ఈసాప్ పథకాన్ని దీంతో కలపకండి. అక్కడ చేతికొచ్చేది కాసిని షేర్లు, నిర్ణయాలు యథాప్రకారం పైవాళ్లవే.

ఇక మన దగ్గరికొద్దాం. సంఘం అనగానే మీ మొహాల్లో అనుమానం కనిపిస్తోంది. అది సహజమే. సర్కారు కొనుగోళ్ల మీద ఆధారపడి, బకాయిల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన చేనేత సంఘాలను మనం చూశాం. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద పాలకవర్గాన్ని పక్కనపెట్టి అధికారిని కూర్చోబెట్టే వీలు ప్రభుత్వానికి ఉంది. అందుకే 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. మ్యాక్స్ సంఘాలు అంటారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ చట్టం ఉంది. పదిమంది, ఒక్కో కుటుంబం నుంచి ఒక్కరు, చేరితే రిజిస్టర్ చేసుకోవచ్చు. ప్రభుత్వ వాటా ధనం ఉండదు కాబట్టి ప్రభుత్వ పెత్తనమూ ఉండదు. ఏటా ఆడిట్, సకాలంలో ఎన్నికలు మన బాధ్యత.

పేమెంటు సంగతి ఇప్పుడు చెప్పొచ్చు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థకు ఇవ్వాల్సిన డబ్బు 45 రోజులు దాటకూడదు. దాటితే వడ్డీ కట్టాలి. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఒంటరి మనిషికీ ఈ హక్కుంది. కానీ ఒక్కడే ఫిర్యాదు చేస్తే వచ్చే సినిమాకి పిలవరని భయం. సంఘం పేరు మీద ఇన్‌వాయిస్ వెళ్తే, అడిగేది సంఘం. పగ పట్టడానికి ఒక మనిషి పేరు అక్కడ ఉండదు.

నియమావళి రాసుకునేటప్పుడు మూడు విషయాల్లో గట్టిగా వాదించుకోండి. పని మీద హక్కులు సభ్యుడి పేరనా, సంఘం పేరనా? సభ్యుడు వెళ్లిపోతే అతని పనుల మీద వచ్చే రాబడి ఏమవుతుంది? పెద్ద పేరున్నవాళ్లకీ, నిన్న చేరిన అమ్మాయికీ ఒకే ఓటు అన్నప్పుడు డబ్బు పంపకం ఎలా? నా మటుకు నేను మొదటిదానికి సభ్యుడి పేరనే అంటాను. సంఘానికి అమ్మిపెట్టే హక్కు చాలు. మిగతా రెండూ మీరే తేల్చుకోవాలి, అదీ డబ్బు రాకముందే. నమూనా నియమావళి ప్రతులు తలుపు పక్కన బల్ల మీద పెట్టాను. టీ తాగి రండి, మొదటి పేజీ నుంచి కలిసి చదువుదాం.