రాయి, బోర్డు, గోడ మీద రాత

అందరికీ నమస్కారం.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఎంత పిచ్చో మీకు తెలిసిందే. మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. శనివారం మ్యాచ్ ఉందంటే మిషిగన్ స్టేడియం ఒక్కదానికే లక్ష మందికి పైగా జనం వస్తారు. ఆట గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆట మొదలవడానికి ముందు జరిగే తంతు గురించి మాట్లాడతాను.

సౌత్ కరోలినాలో క్లెమ్సన్ యూనివర్సిటీ జట్టు మైదానాన్ని డెత్ వ్యాలీ అంటారు. ఒక పూర్వ విద్యార్థి కాలిఫోర్నియాలోని అసలు డెత్ వ్యాలీ నుంచి ఒక రాయి తెచ్చి కోచ్ ఫ్రాంక్ హోవర్డ్ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని ఆఫీసు తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు గది సర్దుతూ, దీన్ని బయట పారేయండన్నాడు. ఆ పని అప్పగించిన మనిషి పారేయలేదు. 1966లో మైదానం పక్కన గట్టు మీద దిమ్మె కట్టించి దానిపై నిలబెట్టించాడు. ఆ రోజు క్లెమ్సన్ 18 పాయింట్లు వెనకబడి కూడా వర్జీనియాను 40-35తో ఓడించింది. రాయికి మహిమ రావడానికి ఇంకేం కావాలి!

మరుసటి ఏడాది హోవర్డ్ షరతు పెట్టాడు: ప్రాణం పెట్టి ఆడేవాడే ఈ రాయిని ముట్టుకోవాలి, మిగతావాళ్ళు ఆ మురికి చేతులు దూరంగా పెట్టుకోండి. ఇప్పటికీ ఆటగాళ్ళు రాయిని నిమిరి గట్టు మీంచి కిందికి పరుగెడతారు. మన కబడ్డీ ఆటగాడు బరిలోకి దిగేటప్పుడు నేలను తాకి కళ్ళకద్దుకుంటాడే, అలాగన్నమాట. నోటర్‌డామ్ యూనివర్సిటీలో కోచ్ లూ హోల్ట్జ్ 1986లో పెట్టించిన బోర్డు కథా అంతే. ‘ఈ రోజు ఛాంపియన్‌లా ఆడు’ అని ఉంటుంది. మెట్లు దిగుతూ ఒక్కొక్కరూ దాన్ని చేత్తో చరిచి వెళ్తారు.

నన్ను అడిగితే, ఆటగాడు ముందే కష్టపడి ఉంటేనే నినాదానికి బలం. 1969లో మిషిగన్‌కు కొత్తగా వచ్చిన కోచ్ బో షెంబెక్లర్ ప్రాక్టీసుతో కుర్రాళ్ళ తాట తీశాడు. చాలామంది మానేశారు. ‘నిలబడినవాళ్ళే ఛాంపియన్లవుతారు’ అని గోడ మీద రాయించాడు. వెళ్ళిపోతున్న ఒక కుర్రాడు దాని కిందే, ‘మానేసినవాళ్ళు డాక్టర్లు, లాయర్లు, పెద్ద పెద్ద కంపెనీల అధిపతులు అవుతారు’ అని గీకి పోయాడట! ఆ మాటా అబద్ధం కాదు కదా. అయితే ఉండిపోయినవాళ్ళు ఆ నవంబరులోనే, వరసగా 22 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన ఒహాయో స్టేట్‌ను 24-12తో మట్టి కరిపించారు.

ఈ ఊపు శ్రుతి మించిన సందర్భమూ ఉంది. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో పెద్ద మ్యాచ్‌కు ముందు విద్యార్థులే దుంగలు పేర్చి భారీ భోగిమంట వేసేవారు. 1999 నవంబరు 18 తెల్లవారుజామున ఆ పేర్పు కూలి 12 మంది చనిపోయారు. ఆ తర్వాత క్యాంపస్‌లో ఆ మంట వెయ్యలేదు.

నాకు ఎక్కువ నచ్చేది టెన్నెసీ యూనివర్సిటీ జట్టు పద్ధతి. సైన్యంలో జనరల్‌గా పనిచేసిన కోచ్ రాబర్ట్ నేలండ్ రాసిన ఏడు సూత్రాలను మ్యాచ్ ముందు జట్టంతా గట్టిగా వల్లిస్తుంది. మొదటిది: తక్కువ తప్పులు చేసిన జట్టే గెలుస్తుంది. ఇందులో ఆవేశం లేదు, బంతి జారవిడవకురా నాయనా అని చెప్పడమే. టెన్షన్‌తో చేతులు వణికే కుర్రాడికి ఆ క్షణంలో ఇలాంటి మాటే పనికొస్తుంది.