జపనీస్ ఆన్‌లైన్ పాఠం: మాట్లాడాల్సింది ఎవరు?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం మన అంశం, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో గురువు దగ్గర జపనీస్ నేర్చుకోవడం. తెలుగు విద్యార్థులకు చాలాకాలంగా జపనీస్ చెబుతున్న అధ్యాపకురాలు మనతో ఉన్నారు. ఫోన్లు అప్పుడే మోగుతున్నాయి. హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: హైదరాబాద్, మియాపూర్ నుంచండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టోక్యోలో ఉండే సెన్సే, అంటే టీచర్, దగ్గర వారానికి రెండు పాఠాలు చెప్పించుకుంటున్నాను. ఆవిడ చెబుతుంటే అంతా అర్థమవుతుంది. కానీ జపాన్ క్లయింటు ఫోన్ చేస్తే నాకు నోరు పెగలదు.

అధ్యాపకురాలు: గంట పాఠంలో మీరు మాట్లాడేది ఎంతసేపు?

శ్రోత: ఆవిడ వ్యాకరణం వివరిస్తారు, నేను రాసుకుంటాను. చివర్లో నాలుగు వాక్యాలు చదివిస్తారు.

అధ్యాపకురాలు: డబ్బు మీది, కసరత్తు ఆవిడ నోటికి! వివరణ పుస్తకంలో ఉంటుంది, వీడియోల్లో ఉచితంగా దొరుకుతుంది. మీరు తప్పు మాట్లాడగానే అక్కడికక్కడే పట్టుకునే మనిషి దొరకడమే కష్టం. మీరు ఫీజు కడుతున్నది అందుకు. ఈ వారం పాఠానికి ముందే ఆవిడకు మెసేజ్ పెట్టండి. వ్యాకరణం నేను చదువుకుని వస్తాను, పాఠంలో నా చేత మాట్లాడించండి, తప్పులు చాట్‌లో రాయండి అని. లేకపోతే మీరు చిన్నబుచ్చుకుంటారేమోనని చాలామంది సెన్సేలు తప్పును చూసీ చూడనట్టు వదిలేస్తారు. పైగా ‘జోజు దెసు నే’, అంటే ‘బాగా వచ్చే మీకు’ అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలుకు ఉబ్బిపోకండి.

శ్రోత: అలా అడిగితే మర్యాదగా ఉంటుందా అండి?

అధ్యాపకురాలు: నిక్షేపంగా ఉంటుంది. సమయానికి రెండు నిమిషాల ముందే సిద్ధంగా ఉండండి, మొదట్లో ‘దయచేసి నేర్పండి’ అన్నట్టుగా ‘యొరొషికు ఒనెగాయిషిమాసు’ అనండి, పాఠం మానాల్సి వస్తే ముందురోజే చెప్పండి. వాళ్లు మర్యాద చూసేది అక్కడ. ఇక మీ క్లయింటు సంగతి. పాఠంలో సెన్సేనే క్లయింటుగా ఉండమనండి. గడువు రెండు రోజులు పెంచమని అడగాలనుకోండి. ఆ ఒక్క విన్నపాన్నే పది రకాలుగా అడగండి. ఆవిడ కుదరదనాలి, మీరు బతిమాలాలి. అన్నట్టు, వాక్యం ఏ భాషలో అనుకుని జపనీస్‌లోకి మారుస్తారు?

శ్రోత: ఇంగ్లీషులోనండి. పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది కదా.

అధ్యాపకురాలు: తడబాటు సగం అక్కడిదే. క్రియ చివర్లో రావడం, విభక్తి లాంటి ముక్క మాట వెనక చేరడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్యలు. మనం ‘తిని చూడు’ అన్నట్టే వాళ్లూ ‘తాబెతె మిరు’ అంటారు, అక్కడా తినడం, చూడడం అనే క్రియలే. ‘వస్తానని చెప్పాడు’లో మన ‘అని’ ఎక్కడ ఉందో, వాళ్ల ‘తొ’ అక్కడే ఉంటుంది. ‘త్సు’ పలకడానికి చాలా దేశాలవాళ్లు తంటాలు పడతారు. మీరు చుక్క, చుట్టం అనేటప్పుడు పలికే చకారమే దానికి చాలు. తెలుగులో అనుకోండి, ఇంగ్లీషు దారిలో చుట్టూ తిరగకండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ రాజమహేంద్రవరం నుంచి. చెప్పమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్. బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. జపాన్‌లో నర్సు ఉద్యోగం ఉందని ఒక ఏజెంటు చెప్పారు. జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి ఉంటే చాలన్నారు. దానికి ఆన్‌లైన్ టీచర్‌ను పెట్టుకోవాలా?

అధ్యాపకురాలు: టీచర్ సంగతి తర్వాత. ముందు ఆ ఉద్యోగాన్ని జపనీస్‌లో ఏమంటారో ఏజెంటును అడగమ్మా. ‘కాంగోషి’ అంటే నర్సు. అది కావాలంటే జపాన్ జాతీయ పరీక్షను జపనీస్‌లో రాసి నెగ్గాలి. ఎన్4తో అంటున్నారంటే ఆయన చెప్పేది బహుశా ‘కాయిగో’. వృద్ధులకు స్నానం చేయించడం, తినిపించడం, నడిపించడం. గౌరవమైన పనే, కానీ నర్సు పని కాదు. తెలిసి వెళ్లాలి.

శ్రోత: ఆయన ఆ తేడా చెప్పలేదండి.

అధ్యాపకురాలు: అడిగితేనే చెబుతారు. 2019 ఏప్రిల్‌లో మొదలైన ‘తొకుతెయి గినో’, అంటే నిర్దిష్ట నైపుణ్య వీసా మీద కాయిగోకు వెళ్లాలంటే ఎన్4 గానీ, జేఎఫ్‌టీ-బేసిక్ అనే మరో జపనీస్ పరీక్ష గానీ నెగ్గాలి. దానితోపాటు కాయిగో నైపుణ్య పరీక్ష, కాయిగో జపనీస్ పరీక్ష కూడా ఉంటాయి. ఎన్4లో 180కి 90 రావాలి, జేఎఫ్‌టీలో 250కి 200. వీటిలో ఎక్కడా నోరు విప్పి మాట్లాడే పరీక్ష లేదు. తీరా ఉద్యోగం ఇచ్చేవాళ్ల ఇంటర్వ్యూకు వచ్చేసరికి అంతా మాటే. పిల్లలు అక్కడే బోల్తా పడుతున్నారు.

వ్యాఖ్యాత: అయితే టీచర్ ఎప్పుడు అవసరం?

అధ్యాపకురాలు: జపనీస్ లిపుల్లో హిరగానా 46 అక్షరాలు, కటకానా 46. గంటకింత అని డబ్బిచ్చి అక్షరాలు దిద్దించుకోవద్దు, అది సొంతంగా చేసుకునే పని. జపాన్ ఫౌండేషన్ వాళ్ల ‘ఇరొదొరి’ పాఠ్యపుస్తకం ఆడియోతో సహా ఉచితంగా దింపుకోవచ్చు. మొదటి కొన్ని నెలలు తెలుగు తెలిసిన టీచర్ దగ్గర వారానికి ఒక పాఠం చాలు. ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక జపాన్ టీచర్‌తో పాఠాలు పెంచుకోవాలి.

వ్యాఖ్యాత: తెలుగు తెలిసిన టీచర్ అంటే మీకే గిరాకీ పెరిగేలా ఉంది!

అధ్యాపకురాలు: నా దగ్గర ఖాళీ లేదు లెండి, ధైర్యంగా చెబుతున్నాను. జపాన్ టీచర్‌ను ఎంచుకునేటప్పుడు, 420 గంటల బోధన శిక్షణ పొందారా అని చూడండి. 2024 ఏప్రిల్ నుంచి ‘తోరొకు నిహోంగో క్యోయిన్’, అంటే నమోదిత జపనీస్ అధ్యాపకులు అనే జాతీయ అర్హత కూడా వచ్చింది. జపాన్‌లో పుట్టినంత మాత్రాన జపనీస్ చెప్పడం రాదు. తెలుగువాళ్లందరూ తెలుగు వ్యాకరణం చెప్పగలరా?

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒక తండ్రిగారు. క్లుప్తంగా అడగండి సార్.

శ్రోత: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. యానిమే, అదే జపాన్ కార్టూన్లు, చూసి చూసి జపనీస్ మాట్లాడేస్తోంది. ఆన్‌లైన్ టీచర్ మాత్రం మొదటి పాఠంలోనే అలా మాట్లాడకూడదన్నారట. ఇప్పుడు అలిగి కూర్చుంది.

అధ్యాపకురాలు: వినికిడి బాగా ఉంది, సంతోషించండి. కాకపోతే అవి పాత్రల మాటలు. హీరో శత్రువును ‘ఒమాయె’, అంటే ‘ఒరేయ్ నువ్వు’ అన్నట్టు, అంటాడు, టీచర్‌ను అంటే బాగుంటుందా? ‘దెసు, మాసు’ మర్యాద రూపం ముందు నేర్పమనండి. పాఠం చివర పది నిమిషాలు ఆ అమ్మాయికి నచ్చిన సన్నివేశానికి కేటాయించి, అదే మాటను పెద్దవాళ్లతో ఎలా అనాలో చెప్పించమనండి. అలక దానంతటదే తీరుతుంది.

వ్యాఖ్యాత: చివరి కాల్ టోక్యో నుంచే! నిషికసాయి నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: నమస్కారమండి. మా బాబుకు మూడేళ్లు, ఇక్కడ హోయికుయెన్‌కు, అంటే పిల్లల సంరక్షణ బడికి, వెళ్తాడు. అక్కడివాళ్లు రోజూ ఒక నోటుపుస్తకంలో రాసి పంపుతారు, మనమూ రాయాలి. నాకేమో పుస్తకంలో పాఠాలు వస్తాయి గానీ ఆ నోటుపుస్తకం కొరుకుడు పడదు.

అధ్యాపకురాలు: రెన్‌రాకుచో! ఈ రోజు ఏం రాశారు, చదవండి.

శ్రోత: ‘క్యో వా గొహాన్ ఒ ఒకావారి షిమాషిత’ అని ఉంది.

అధ్యాపకురాలు: మీ వాడు ఈ రోజు అన్నం మారు వడ్డించుకున్నాడమ్మా.

శ్రోత: అయ్యో, ఇంట్లో ముద్ద ముట్టడండి!

అధ్యాపకురాలు: చూశారా, మీకు కావాల్సిన పుస్తకం అదే. ఆ పేజీ ఫొటో తీసి పాఠానికి ముందు టీచర్‌కు పంపండి. పాఠంలో మొదట దాన్ని గట్టిగా చదవండి. తర్వాత బాబు రాత్రి ఏం తిన్నాడో, ఎన్నింటికి పడుకున్నాడో, పొద్దున జ్వరం ఎంత ఉందో నోటితో చెప్పండి. టీచర్ దిద్ది టైపు చేస్తారు, దాన్ని మీ చేత్తో నోటుపుస్తకంలోకి ఎక్కించండి. మర్నాడు బడి గుమ్మం దగ్గర అవే మాటలు అక్కడి సెన్సేతో అనండి. ఒక్క పాఠం రెండుసార్లు పనికొస్తుంది.

శ్రోత: బాబు ఉండగా పాఠం కుదరదండి. రాత్రి తొమ్మిదికి పడుకుంటాడు.

అధ్యాపకురాలు: మీకు తొమ్మిదంటే ఇక్కడ సాయంత్రం ఐదున్నర. ఇక్కడి టీచర్‌కు అది అనువైన వేళే. అలాగే మీ వార్డు కార్యాలయంలో వాలంటీర్ల జపనీస్ తరగతుల గురించి అడగండి. అలాంటివి చాలాచోట్ల ఉచితం, లేదా నామమాత్రపు రుసుము. వారంలో ఒకరోజు అక్కడికి వెళ్తే డబ్బిచ్చే పాఠాలు తగ్గించుకోవచ్చు.

శ్రోత: బాబును తీసుకెళ్లవచ్చా అండి?

అధ్యాపకురాలు: కొన్నిచోట్ల రానిస్తారు, ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్ మాత్రం మీ వారి చేత చేయించకండి, మీరే జపనీస్‌లో చేయండి.

వ్యాఖ్యాత: వార్తల వేళయింది. లైన్లో మిగిలినవారు వచ్చేవారం మళ్లీ ప్రయత్నించండి. నమస్కారం.